పిట్ట ముట్టని కూర

పిట్ట ఇంకా రాలేదు. వాగు ఒడ్డున ఇసుక చదును చేసి, మోదుగాకుల విస్తరి పరిచి, అందులో అన్నం కుప్పపోసి, అన్నం మీద కోడికూర పెట్టి, పక్కన బీడీకట్ట, అగ్గిపెట్టె, మట్టిముంతలో నీళ్లు, మల్లేశానికి బతికుండగా ఇష్టమైనవన్నీ అమర్చి అందరూ దూరం జరిగి నిలబడ్డారు. అన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ విస్తరి దరిదాపులకు రానివ్వనని రేణుక పొద్దున్నే గడపకు అడ్డం నిలబడి చెప్పింది. సుక్క పెట్టకుంటె అన్న ఆత్మ ఎట్ల శాంతిస్తది వదినా అని మరిది పరశురాములు నసిగాడు కానీ, ఆమె ముఖం చూసి అప్పటికి ఊరుకున్నాడు. ఇప్పుడు వాగు అవతల తుమ్మచెట్టు మీద రెండు కాకులు కూర్చుని విస్తరి వైపు మెడ తిప్పి చూస్తున్నాయి, చూసి ముక్కులు కొమ్మకు రాసుకుంటున్నాయి, దిగడం లేదు. పెద్దకర్మ నాడు పోయినవాడు కాకై వచ్చి ముట్టేదాకా ఇంటివాళ్లెవరూ మెతుకు ముట్టకూడదు. అంటే రేణుక పక్కన చున్నీ నెత్తిన కప్పుకుని కూర్చున్న ప్రవళిక కూడా ముట్టకూడదు. రోగం బయటపడ్డాక తండ్రి చేతి కోడికూరను ఒక్కసారంటే ఒక్కసారి తిని, ఆ ఒక్కసారికే దవాఖాన పాలైన పిల్ల, ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, మొన్న ఒకనాడు గోడకు ఆనుకుని కూర్చుని "బాపు కూర ఒక్కసారి తినాలనుందమ్మా" అంది. అంతే, తండ్రి పోయిన దగ్గర్నుంచి కంట నీటిచుక్క కూడా లేదు. తినిపిస్తాను బిడ్డా అని రేణుక మాటిచ్చింది. మాట ఆమెది, దయ కాకిది.

"మల్లేశా, ఏమన్న తక్వైతె మనసుల పెట్టుకోకురా, వచ్చి ముట్టుకో" అని భద్రయ్య చేతులు జోడించి తుమ్మచెట్టుకు వినబడేట్టు అన్నాడు. భద్రయ్య మల్లేశానికి మేనమామ, ఇక్కడున్నవాళ్లలో పెద్ద. ఆయన అడగగానే కాకి దిగుతుందని అందరూ మెడలు చాచారు. కాకి రెక్క విదిలించి అక్కడే సర్దుకుంది. ఈమధ్య కాకులు కూడా కరువయ్యాయి, పెట్టినదాన్ని ముట్టే దిక్కు లేక దంతాలపల్లి వైపు కొందరు గంటల తరబడి నిలబడి చివరికి వాగులో కలిపేసి వస్తున్నారట, ఇక్కడ రెండు ఉన్నాయి, ఉన్నవి రెండూ బెట్టు చేస్తున్నాయి. బెట్టు చేయడం ఆయనకు కొత్తా, అనుకుంది రేణుక. పీట వేసి, నీళ్లు పెట్టి, పిలిచి, మళ్లీ పిలిచి, మూడోసారి పిలిస్తే, ఆకలి లేదు పో అనేవాడు. అది ఇంట్లో సంగతి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. జనగామలో పెళ్లయితే మల్లేశం, గార్లలో బోనాలైతే మల్లేశం, భూపాలపల్లిలో బొగ్గుబాయి వాళ్ల రిటైర్మెంటు దావతైతే మల్లేశమే రావాలి, ఆయన కల్లుకోడి వండుతున్నాడంటే పిలవనివాళ్లు కూడా పళ్లెం పట్టుకుని వచ్చేవాళ్లు. నాటుకోడిని మంట మీద కాల్చి, పసుపు రాసి, ముక్కలు కొట్టి, అల్లం వెల్లుల్లి కారం పట్టించి, చెట్టు దిగిన కల్లు ముక్కలు మునిగేట్టు పోసి నానబెట్టేవాడు. దించే ముందు, దోరగా వేయించిన గోధుమపిండిని ఇంకో దోసెడు కల్లులో కలిపి పోసేవాడు, అప్పుడు రసం చిక్కబడి ముక్కను విడిచేది కాదు. కల్లు ముక్కను మెత్తగ జేస్తది, పిండి రసాన్ని ముక్కకు పట్టిస్తది, గీ రెండు లేకుంటె అదొక కూరనా అనేవాడు. కూరకు పోయగా మిగిలింది వంటమనిషిది. మొదట మిగిలింది తాగాడు, తర్వాత తాగగా మిగిలింది కూరలో పోశాడు, ఆ తర్వాత కల్లు చాలక సీసా, సీసాకు సీసా, చివరికి కళ్లు పసుపుగొమ్ములై, కడుపు నీళ్ల కుండై, ఏ వాసనకు ప్రాణం పెట్టాడో ఆ వాసనే నోటి నుంచి కొడుతుండగా పోయాడు. ఆ వాసన మళ్లీ తెచ్చి విస్తరిలో పోయాలట.

"అన్నా, నీ బిడ్డను నా బిడ్డ లెక్క సూసుకుంట, పరేషాన్ గాకు" అన్నాడు పరశురాములు గొంతు పెంచి. కాకి రాకపోతే ఇదే పద్ధతి, పోయినవాడి మనసులో ఏం మిగిలిపోయిందో ఊహించి, తీరుస్తామని ఒక్కొక్కరే మాటివ్వాలి. ఏ మాటకు కాకి దిగితే అదే ఆయన కోరిక అన్నమాట. ఎవరో "బిడ్డ పెండ్లి ఘనంగ చేస్తం" అన్నారు. ఇంకెవరో "ఇంటి మీద రేకులు మారుస్తం" అన్నారు. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అనలేదు, బతికున్న మల్లేశం దవాఖానలో పడి ఉంటే తొంగిచూడని మేనత్త కొడుకు కూడా కాకికి దండం పెడుతున్నాడు. రేణుకకు నవ్వు వచ్చింది, వచ్చిన నవ్వును కొంగుతో నొక్కింది, చూసేవాళ్లు ఏడుపనుకున్నారు, అనుకోనీ. పొద్దున గాజులు తీసిన చేతులు ఆమెకే వేరెవరివో అనిపిస్తున్నాయి, ఊరికే మాటిమాటికీ మణికట్టు తడుముకుంటోంది. ఇంతమంది ఇన్ని మాటలిస్తున్నారు కదా, బిడ్డ తినే కూరలో పిండి కలపనని ఒక్క మాట ఆయన ఎప్పుడైనా ఇచ్చాడా? ఇచ్చాడు. ఇచ్చాడు, అదే కదా అసలు మంట.

పిల్లకు అప్పుడు ఏడేళ్లో ఎనిమిదేళ్లో. ఏం తిన్నా కడుపుబ్బు, విరేచనాలు, కాళ్లూ చేతులూ పుల్లలు, పొట్ట మాత్రం సొరబుర్ర. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు, గార్లలో ఒకాయన మంత్రించి ఉప్పు ఇచ్చాడు. చివరికి వరంగల్‌లో ఒక పెద్ద డాక్టరు రక్తం తీసి చూసి, ఈ పిల్లకు గోధుమలో ఉండే జిగురు పడదమ్మా, చపాతీ వద్దు, బ్రెడ్డు వద్దు, బిస్కెట్టు వద్దు, రవ్వ వద్దు, మైదా వద్దు, చిటికెడు కూడా వద్దు, జీవితాంతం వద్దు అని చెప్పాడు. ఊళ్లో ఎవరూ నమ్మలేదు. అత్త ముత్తమ్మ బుగ్గలు నొక్కుకుంది. "పాలు పడని పిల్లను జూసినం, నీళ్లు పడని పిల్లను జూసినం, గోదుమ పడని పిల్ల ఏందే, దొరల రోగం గాకపోతె" అంది. సరే, గోధుమ మానేసి జొన్నరొట్టె చేసి పెడితే నెల తిరక్కుండా మళ్లీ అదే కడుపునొప్పి. రేణుక తల గోడకేసి కొట్టుకుంది. ఎక్కడి నుంచి పోతోంది పిల్ల కడుపులోకి ఆ గోధుమ? ఒకరోజు గిర్ని దగ్గర వరసలో నిలబడి చూస్తే, తన ముందు ఉన్నామె గోధుమలు పట్టించుకుంది, ఆ వెంటనే అదే రాళ్లలో తన జొన్నలు పోశాడు గిర్ని అతను. గోధుమ జొన్నలోనే దాక్కుని ఇంటికి వస్తోంది. ఆ రోజే అటక మీద బూజుపట్టిన అత్తగారి ఇసుర్రాయిని దించింది. అప్పటి నుంచి ఈ పిల్ల తినే ప్రతి రొట్టె ఆమె భుజాల మీదుగా వచ్చిందే. ఆఖరికి ఇంగువడబ్బా కూడా తీసేసింది, అందులోనూ గోధుమపిండి కలుపుతారని ప్రవళికే పెద్దయ్యాక సెల్లులో చదివి చెప్పింది.

ఇంత యుద్ధం నడుస్తున్న ఇంట్లో మల్లేశం మాత్రం కూర మార్చలేదు. రేణుక అడిగింది ఒక్క ఆదివారం, ఒక్క కోడి, ఒక్క గిన్నె. పిండి లేకుండా చెయ్యవయ్యా బిడ్డ కోసం అంటే, పిండి లేకుంటె అది నా కూర గాదు, నా పేరు చెడగొట్టుకోమంటవా అనేవాడు. వీధంతా ఘుమఘుమలాడే రోజు పిల్ల తలుపు వేసుకుని చారన్నం తినేది. ఒకసారి, ఎవరు ఏమన్నారో, ఏ బుద్ధి పుట్టిందో, "ఇగో బిడ్డా, నీకోసం పిండి లేకుంట వండిన" అని తనే తెచ్చి, ఒళ్లో కూర్చోబెట్టుకుని, ముక్క విరిచి నోట్లో పెట్టాడు. పిల్ల కళ్లు ఎంత పెద్దవయ్యాయో. రేణుక పొయ్యి దగ్గరి నుంచి చూసి, ఆ పూటకు ఆయన చేసిన తప్పులన్నీ మాఫీ చేసేసింది. తెల్లవారేసరికి పిల్ల పేగులు బయటికి వచ్చేంత కక్కింది. ఆటోలో పెట్టుకుని మహబూబాబాద్ దవాఖానకు పోతుంటే అప్పుడు చెప్పాడు, తల దించుకుని, "రుచి రాలేదని చిటికెడేసిన, గింత పిండికి ఏమైతది అనుకున్న" అని. చిటికెడు. పిల్ల చేతికి సూది గుచ్చి సెలైను పెడుతుంటే ఆయన బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చాడు, నిజంగానే ఏడ్చాడు, ఆ ఏడుపు ఆపుకోలేక పోయి తాగొచ్చాడు. దుఃఖానికి ఆయనకు తెలిసిన మందు అదొక్కటే.

"ఎండ ముదురుతాంది, పిల్లలు ఆకలికి తాళుతలేరు, ఏందిరా ఇది" అని వెనక నుంచి ఎవరో గొణిగారు. ముత్తమ్మ ఇసుకలో కూలబడి, కాకుల వైపు రెండు చేతులూ చాపి, "కొడకా, నా కొడకా, నీ అవ్వను వచ్చిన్రా, అవ్వ మీదన్న అలుగుతవార" అని రాగం తీసింది. రేణుకకు ముసలిదాని మీద కోపం ఉంది, కానీ కన్నకొడుకును పంపి కూర్చున్న మనిషి, ఆ ఏడుపులో అబద్ధం లేదు. ముసలమ్మే కదా ఒకప్పుడు, ఇసుర్రాయి దించిన రోజున, దాని పిడి నిమురుతూ చెప్పింది, మా కాలంల గోదుమలెక్కడియే, కోడికూరల జొన్నపిండే పోస్తుంటిమి, పుల్ల సల్లల కలిపి పోస్తుంటిమి అని. గోధుమపిండి ఈ ఇంటి తాతలనాటి రుచేమీ కాదు, మల్లేశం కుర్రతనంలో జనగామ రోడ్డు మీద దాబాలో గిన్నెలు కడిగేటప్పుడు అక్కడి ఉత్తరాది వంటవాడిని చూసి నేర్చుకున్నది. ఆ మాట రేణుక మనసులో పడి ఉంది. పడి ఉన్న మాటే ఇవాళ తెల్లవారకముందే ఆమెను లేపింది. జొన్నలు దోరగా వేయించి ఇసుర్రాయిలో విసిరింది. పుల్ల మజ్జిగ ఉత్తగా పోస్తే వేడికి విరిగిపోతుందని ముందే జొన్నపిండి కలిపి చిలికింది. కల్లులో ఉండే ఆ కాస్త తీపి కోసం బెల్లం పలుకు వేసింది. ముక్కలు మజ్జిగలో నానబెట్టి, కొత్త గంజులో, కొత్త గరిటెతో, గోధుమ ఎన్నడూ తగలని గంజులో వండింది. రుచి మాత్రం చూడలేదు. పోయినవాడికి పెట్టేది ముందు నాలుకకు తగలకూడదు. కాబట్టి ఆ కూర ఎట్లా వచ్చిందో ఈ వాగు ఒడ్డున ఎవరికీ తెలియదు, వండినామెకు కూడా. ఏమో, బాగా రాలేదేమో, అందుకే దిగడం లేదేమో అని ఒక పిచ్చి ఆలోచన కూడా వచ్చి పోయింది. వంటమనిషి పెళ్లాం అన్నాక కాకి దగ్గర కూడా భయమే.

భద్రయ్య మెల్లగా దగ్గరికి వచ్చాడు. "రేణుకా, నిజం జెప్పు బిడ్డా. కూరల ఏమన్న తేడా చేసినవా?"

అబద్ధం ఆడవచ్చు. ఆడితే పోయేదేం లేదు. ఇంతసేపూ అందరూ కాకితో ఆడుతున్నది అదే కదా. "కల్లు పొయ్యలే మామా" అంది. కూతురి వైపు చూసి, "గోదుమపిండి ఎయ్యలే. నా బిడ్డ తినాలని" అంది.

అంతే, పేలాల మంగలంలో గింజ పడ్డట్టు అందరూ ఒక్కసారే లేచారు. "గందుకే వస్తలేడు!" "వాని పేరు మీద వండి వాని కూరే వండకపాయె!" "సచ్చినోని దగ్గర గూడ నీ పంతమేనా వదినా?" చివరి మాట పరశురాములుది. ముత్తమ్మ ఏడుపు ఆపి కోడలి వైపు చూసింది. "నా కొడుకు గెలిచింది గా కూరతోనే. గది గూడ లేకుంట పంపుతవానే వాన్ని?" అంది. తిట్టి ఉంటే బాగుండేది. అడిగింది. అత్తా, నువ్వే కదా చెప్పావు జొన్నపిండి సంగతి అని రేణుక నోటిదాకా వచ్చింది, ముసలిదాని కళ్లలో ఆ జ్ఞాపకం జాడ కూడా లేదు. ఇక ఎవరి అనుమతీ ఎవరూ అడగలేదు. పరశురాములు నడుములోంచి సీసా తీశాడు, అంటే పొద్దుటి నుంచీ అది అక్కడే ఉంది, ఊరుకున్నట్టు నటించాడంతే. విస్తరి మీద గడగడా పోశాడు. ముత్తమ్మ కొంగుముడి విప్పింది, అందులో వేయించిన గోధుమపిండి, మల్లేశం డబ్బాలోది, తల్లి కూడా సిద్ధపడే వచ్చింది. పిడికెడు తీసి కూర మీద చల్లింది. పిండి గాలికి కొంచెం లేచి అన్నం మీద పడింది.

కాకి వచ్చింది. వాళ్లు నాలుగడుగులు వెనక్కి వేశారో లేదో, తుమ్మకొమ్మ ఊగింది, నల్లగా జారుతూ వచ్చి విస్తరి అంచున వాలింది, అటూ ఇటూ చూసి ముక్కునిండా ముక్క కరుచుకుని లేచిపోయింది. రెండోది కూడా వచ్చింది. "ముట్టిందిరో!" అని అరిచారు, దండాలు పెట్టారు, ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు. జనం దూరం జరగడం వల్ల దిగిందో, ఎండకు ఆకలేసి దిగిందో, రేణుక తనకు తాను నచ్చజెప్పుకోబోయింది, కుదరలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో పోతుందంటారు. పుడకలు కాలి బూడిదై వాగులో కలిసి ఇన్ని రోజులయ్యాక కూడా పోలేదు. బిడ్డ కోసం వండిన కూరను అంతసేపు చూసి చూసి ముట్టలేదు, సారా తడిపి పిండి చల్లగానే పరుగెత్తుకొచ్చాడు. థూ, అనుకుంది. మొగుడిని, అందులోనూ కర్మ నాడు, ఆ మాట అనుకున్నందుకు చెంపలు వేసుకుంది. అయినా మళ్లీ అనుకుంది.

అప్పుడు చూసింది, ముత్తమ్మ ఒడ్డున పెట్టిన కూర గంజు దగ్గరికి పోతోంది. కొంగులో మిగిలిన పిండి పిడికిట్లో ఉంది. "విస్తరిల ఒక తీరు, గంజుల ఒక తీరు ఉండొద్దు, పాలోల్లు తినేది గూడ వాడు ముట్టిందే కావాలె" అంటోంది, దాయాదులందరి మేలు కోరే మంచి మాటలాగే అంటోంది. రేణుకకు ఎట్లా లేచిందో తెలియదు. లేచింది, అంత దూరం ఒక్క ఉరుకులో దాటింది, గంజు మూతి మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. గాజుల్లేని ఆ చేతి మీద, మణికట్టు దాకా, పిండి పడింది.

"తియ్యే చెయ్యి" అంది ముత్తమ్మ.

"తియ్య."

"పాలోల్లు తినరే గిది."

"తినకుండ్రి. విస్తరిల ఉన్నది ఆయన కూర, గదాన్ని మీరు పంచుకోండ్రి అత్తా. గీ గంజు నా బిడ్డది."

భద్రయ్య ఏదో అనబోయి దగ్గాడు. పరశురాములు సీసాలో మిగిలింది వెలుతురుకు పట్టి చూసి, అన్న పేరు మీదే కదా అన్నట్టు ఒక చెట్టు చాటుకు నడిచాడు. రేణుక ఎడమచేత్తో గంజు మూత పెట్టి, ప్రవళిక ముందుకు జరిపి, వాగులో దిగింది. కుడిచేతిని నీళ్లలో ముంచి ఇసుక పట్టి తోమింది, గోళ్ల కింద, వేళ్ల సందుల్లో, గీతల్లో. తోమిందే మళ్లీ తోమింది. తెల్లటి పొడి నీళ్ల మీద ఒక్క క్షణం తేలి పోయింది. చిటికెడే. ఒడ్డున అందరూ విస్తరి చుట్టూ చేరి మల్లేశం గొప్పలు చెప్పుకుంటున్నారు, భూపాలపల్లి దావతులో కూర అయిపోతే గంజు అడుగు రొట్టెతో తుడుచుకుని తిన్నారట, ఆ ముచ్చట.

చేతులు ఆరేదాకా ఆగి, ఇంటి నుంచి తెచ్చిన పళ్లెంలో కూర వడ్డించింది. ప్రవళిక ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. చాలాసేపు నమిలింది.

"బాపు కూర గిట్లనే ఉంటుండెనా అమ్మా? నాకు కక్కింది యాదికుంది గని రుచి యాదికి లేదు."

రేణుక కూడా ఒక ముక్క తీసుకుంది. మెత్తగా ఉడికింది, రసం ముక్కకు పట్టింది, పులుపు సరిపోయింది. ఆయనదైతే నోట్లో పెట్టగానే మనిషి మాట ఆగిపోయేది. "లేదు బిడ్డా. ఆయనది గింతకన్న మస్తుగుంటుండె" అంది, బిడ్డకు ఈ ఒక్కటన్నా నిజం దక్కనీ అని.

"గిదీ మంచిగనే ఉంది. ఏం మార్చినవమ్మా?"

"గోదుమపిండి బదులు జొన్నపిండి. కల్లు బదులు పుల్ల సల్ల. జరంత బెల్లం."

"గంతేనా?"

"గంతే."

ప్రవళిక పళ్లెం వైపు చూసింది. "గంతేనా అమ్మా?" అని మళ్లీ అడిగింది, ఇంకేదో ఉండి తీరాలన్నట్టు, ఇంకేదైనా ఉంటే బాగుండన్నట్టు. ఇంకేమీ లేదు, ఇన్నేళ్లూ ఆయన చెయ్యనన్నది ఇంతే. తండ్రి పోయిన దగ్గర్నుంచి కంట తడిపెట్టని పిల్ల, నోట్లో ముక్క అట్లాగే ఉండగా, అప్పుడు ఏడ్చింది.